చదివిన వాని చేవ్రాలు

తాళపత్ర ప్రతులతో కొంత పరిచయము గలవారికి ఒక ఆచారము తెలిసియే యుండును. గ్రంథము ముగిసిన పిదప లేఖకుడు సంవత్సరము, మాసము, తిథి, వారము పేర్కొని, తన పేరును ఊరును వ్రాసికొని, కట్టకడపట ఒక మనవి చేసికొనును. తాను చూచినట్లు వ్రాసితినే గాని తప్పులకు పూచీ తనది కాదని ఆ మనవి సారాంశము. వినయముతో కూడిన మాటయే. నడుము వంచి, మెడ వంచి, గంటము పట్టి వ్రేళ్లు కాయలు కాచినవాడు ఆ మాత్రము మన్నన కోరుటలో దోషము లేదు. కాని ఆ యొక్క మనవి చాటున శతాబ్దముల తరబడి ఎన్ని తప్పులు ప్రతి నుండి ప్రతికి నడచి వచ్చినవో, ఒక పద్యమునకు నాలుగు పాఠములు ఎదుట పెట్టుకొని కూర్చున్నవానికే తెలియును. బ్రౌను దొర 1829లో వేమన పద్యములను అచ్చు వేయించుటకు ముందు పలు ప్రతులు సేకరించి, పండితుల సాయముతో సరిచూడవలసి వచ్చినది అందుచేతనే.

దీనికి సరిగా ఎదురైన ఆచారమొకటి నేటి లోకమున నడచుచున్నదనియు, అది కవిపండితుల లోకము గాక కంప్యూటరులకు ప్రోగ్రాములు వ్రాయువారి లోకమనియు నాకు గత వేసవిలో తెలిసినది. తెలియజేసినవాడు నా పూర్వ విద్యార్థి. ఇంటరులో నా యొద్ద తెలుగు చదివి, పిదప ఇంజనీరింగు ముగించి, ఇప్పుడు డిస్కు కంట్రోలరులు తయారుచేయు ఒక సంస్థలో పనిచేయుచున్నాడు. సెలవులకు వచ్చి నన్ను చూడవచ్చెను. ముఖము చిన్నబుచ్చుకొని యుండుట చూచి కారణమడిగితిని.

“రెండు నెలలుగా 110 పంక్తులు వ్రాస్తున్నాను మాస్టారూ. నాలుగుసార్లు పంపాను. నాలుగుసార్లూ తిప్పి పంపారు” అన్నాడు.

“ఎవరు నాయనా, మీ పై అధికారియా?”

“కాదండీ. ఆయన నాకు అధికారీ కాడు, జీతమిచ్చేవాడూ కాడు. వేరే దేశంలో, వేరే కంపెనీలో పనిచేస్తాడు. నా ముఖం కూడా ఎన్నడూ చూడలేదు.”

అధికారము లేనివాడు నాలుగుసార్లు త్రిప్పి పంపుటయు, వీడు నాలుగుసార్లు తిరిగి వ్రాయుటయు నాకు వింతగా తోచినది. ఆ త్రిప్పి పంపిన మాటలు చూపుమంటిని. మూడు సాయంకాలములు ఇద్దరమును వరండాలో కూర్చుండి చదివితిమి. ఆ చదువులో నాకు బోధపడినంత వరకు ఇచ్చట వ్రాయుచున్నాను. ఉపాధ్యాయులకును విద్యార్థులకును దీనితో పనియేమని అడుగువారు కొంచెము ఓపిక పట్టవలయును.

ఫిన్లాండు దేశమున హెల్సింకీలో విద్యార్థిగా నున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25వ తేదీన, తాను ఒక ఆపరేటింగు సిస్టము వ్రాయుచున్నానని తోడివారికి తెలియజేసెను. తన దగ్గర ఉన్న ఒక జాతి హార్డు డిస్కు తప్ప మరియొకదానితో అది పనిచేయకపోవచ్చునని గూడ ఆనాడే చెప్పుకొనెను. ఆ లైనక్సు కెర్నెలు నేడు పెద్ద పెద్ద సర్వరులలోను, మన చేతిలోని ఆండ్రాయిడు ఫోనుల అడుగునను ఉన్నది. యంత్రమునకును మనము వాడుకొను ప్రోగ్రాములకును నడుమ నిలిచి, ఎవరికి ఎంత మెమరీ, ఎవరికి ఎంత కాలము, ఎవరి మొర ముందు వినవలయును అని తీర్పు చెప్పు పెద్దరికము కెర్నెలుది. అయితే లోకమునగల పరికరములన్నింటి భాషలును దానికి రావు. ఒక్కొక్క పరికరమునకు ఒక్కొక్క దుబాసి కావలెను. ఆ దుబాసికే డ్రైవరని పేరు.

డిస్కు సంగతి చూడుడు. 1956లో ఐ.బి.ఎమ్. వారు తెచ్చిన మొదటి హార్డు డిస్కు యంత్రమున 24 అంగుళముల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెడివి. అన్నింటిలోను కలిపి 50 లక్షల అక్షరములు పట్టెడివి. నేడు వ్రేలి గోరంత ముక్కలో దానికి వేల రెట్లు పట్టుచున్నది. కాని పని చెప్పు తీరు మూలమున ఒక్కటే. డిస్కు మీది చోటును గళ్లుగా విభజించి లెక్క పెట్టుదురు. చిరకాలము గడికి 512 బైట్లుండెను. ఇప్పుడు పెక్కింట 4096. డ్రైవరు మెమరీలో ఒకచోట ఆజ్ఞాపత్రము వ్రాసిపెట్టును: డిస్కులో ఫలానా గడి మొదలుకొని ఇన్ని గళ్లు చదివి, మెమరీలో ఫలానా చోట ఉంచుమని. పిదప కంట్రోలరు వాకిట గంట మ్రోగించును. ఆ మీదట ప్రాసెసరు తన పని తాను చూచుకొనుచుండగా, కంట్రోలరే స్వయముగా ఆ డేటాను మెమరీలోనికి మోసికొనివచ్చి, పని తీరినదని ఇంటరప్టు అను సైగ చేయును. ఏ.హెచ్.సి.ఐ. అను పద్ధతిలో ఒక కంట్రోలరుకు 32 ద్వారముల వరకు, ఒక్కొక్క ద్వారమున ఒకేసారి 32 ఆజ్ఞల వరకు నిలువవచ్చును. దానికి తరువాత వచ్చిన ఎన్.వి.ఎమ్.ఇ. పద్ధతిలో ఆజ్ఞల వరుసలే 65 వేలకు పైబడి ఉండవచ్చును.

ఇన్ని ఆజ్ఞలు ఒకదానినొకటి దాటుచు పోవుచుండగా తప్పు దొర్లినచో ఏమగును? పాట వినిపించు డ్రైవరులో తప్పున్నయెడల చెవికి వెంటనే తెలియును. తెరమీద బొమ్మ చూపు డ్రైవరులో తప్పున్నయెడల కంటికి తెలియును. డిస్కు డ్రైవరులోని తప్పు అట్టిది గాదు. ఒక రైతు పొలము పట్టా, ఒక ముసలమ్మ పింఛను లెక్క, పదవ తరగతి పిల్లవాని మార్కులు తప్పు గడిలో పడినను, అసలు వ్రాయకయే వ్రాసితినని కంట్రోలరు పక్షమున డ్రైవరు పలికినను, ఆ క్షణమున ఎవరికిని తెలియదు. ఆరు నెలలకో ఏడాదికో ఎవడో ఆ పుట తెరచిననాడు బయటపడును. అప్పటికి దాని నుండి తీసిన ప్రతులలో గూడ ఆ తప్పే కూర్చుండి యుండును. లేఖకదోషమునకు ఇంతకంటె దగ్గరి చుట్టము మరియొకటి లేదు.

ఇక ఆ పరదేశపు పరిశీలకుడు నా విద్యార్థికి వ్రాసిన ఆక్షేపణలు. మూడింటిని మాత్రము చెప్పెదను. తక్కినవి నాకే పూర్తిగా తెలియలేదు.

మొదటిది. డ్రైవరు పని మొదలిడునప్పుడు వరుసగా కొన్ని వస్తువులను స్వాధీనము చేసికొనవలయును. మెమరీ అడిగి పుచ్చుకొనవలయును, కంట్రోలరు గదులను తనకు కనబడునట్లు తెరపించుకొనవలయును, ఇంటరప్టు వచ్చినప్పుడు పిలువవలసిన పేరు నమోదు చేయించవలయును. నాలుగవ మెట్టున పని చెడినచో, ఎక్కిన మూడు మెట్లును ఎక్కిన క్రమమునకు తలక్రిందుగా దిగవలయును. మావాడు ఒకచోట మూడవ మెట్టునుండి తిన్నగా నేలమీదికి దుమికినాడు. పుచ్చుకొన్న మెమరీ తిరిగి ఈయలేదు. మరియొకచోట ఇంటరప్టు నమోదును రద్దు చేయకముందే మెమరీని వదలినాడు. ఇల్లు అమ్మివేసిన పిదప పాత చిరునామాకు తంతి వచ్చినట్లు, ఆలస్యముగా వచ్చిన సైగ అన్యుల పాలైన మెమరీని తాకును. ఇది విన్నంతనే నాకు అభిమన్యుడు జ్ఞప్తికి వచ్చెను. పద్మవ్యూహమున చొచ్చుట తెలిసి వెలువడుట తెలియనివాడు శూరుడు కాడని ఎవరందురు? కాని పరిశీలకుడు చూచునది శౌర్యమును గాదు, వెలుపలికి వచ్చు దారిని. “అంతా సవ్యంగా జరిగే దారిని అందరూ పరీక్షిస్తారు మాస్టారూ, చెడిపోయే దారిని చదివి చూడవలసిందే, పరీక్షలో అది తగలదు” అని అబ్బాయి చెప్పిన మాట నా మనస్సున నాటినది.

రెండవది నాకు మిక్కిలి నచ్చినది. ఆజ్ఞ పంపిన పిదప కంట్రోలరు ఎంతసేపటికిని పలుకకున్నచో, డ్రైవరు దానిని తట్టిలేపి మరల మొదటినుండి నడిపించవలయును. ఆ సందర్భమున జరిగినదంతయు వ్రాసిపెట్టుకొనుటకు మావాడు కొంత మెమరీ అడిగినాడు. అడుగుటలో తప్పేమి? పరిశీలకుడు ఒక్క ప్రశ్న వేసినాడు. ఆ సమయమున మెమరీ ఖాళీ లేదనుకొనుము. ఖాళీ చేయుటకై కెర్నెలు పాత పుటలను డిస్కు మీదికి పంపజూచును. ఆ డిస్కు నీవు ఇప్పుడు తట్టిలేపుచున్న డిస్కే అయినచో, ఎవరికొరకు ఎవరు కాచుకొని యుందురు? మెమరీ దొరికినగాని డిస్కు లేవదు, డిస్కు లేచినగాని మెమరీ దొరకదు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు అను మన సామెత ఇచ్చట అక్షరాల వర్తించినది. దీనికి కెర్నెలులో మార్గము లేకపోలేదు. డిస్కు జోలికి పోకుండ ఇయ్యగలిగినచో ఇమ్ము, లేనిచో లేదనుము అని అడుగు పద్ధతి వేరే యున్నది. లేదా, అవసరమైన మెమరీని సుభిక్షకాలముననే తీసి దాచియుంచుకొనవలయును. అబ్బాయి యంత్రముపై వందసార్లు పరీక్షించినను ఈ చిక్కు రాలేదట. మెమరీ కరవుగా నుండుటయు, అదే క్షణమున డిస్కు మూర్ఛిల్లుటయు జంటగా తటస్థించుట అరుదు. కాని లక్షల యంత్రములలో ఏండ్ల తరబడి నడచు ప్రోగ్రామునకు అరుదైనది ఏదో ఒకచోట ప్రతిదినమును జరుగును.

మూడవది తెలుగు చెప్పువానికి కొంత చేరువ. ఆజ్ఞాపత్రము ముందు వ్రాసి తరువాత గంట కొట్టవలయునని చెప్పితిని గదా. మావాడు అట్లే వ్రాసినాడు, పంక్తుల క్రమమున దోషము లేదు. అయినను కొన్ని జాతుల ప్రాసెసరులు పని త్వరగా సాగుటకై వ్రాతల క్రమమును తామే మార్చుకొనును. పద్యమునకు మనము అన్వయము చెప్పుకొనునట్లే యన్నమాట. కర్త యెక్కడ నున్నను, క్రియ యెక్కడ నున్నను అర్థము చెడదను ధైర్యము. తన వరకు తనకు అర్థము చెడదు, నిజమే. కాని వెలుపల నిలిచియున్న కంట్రోలరుకు ఆ అన్వయము తెలియదు. దానికి గంట ముందు వినబడి, సగము వ్రాసిన ఆజ్ఞాపత్రము చేతికి వచ్చినచో, దానిలోనున్న పాత చిరునామాకే డేటాను మోసికొనిపోవును. కనుక రెండు వ్రాతల నడుమ, మొదటిది ముగిసినదాక రెండవది కదలరాదని ఒక అడ్డుకట్ట వేయవలయును. “నా యంత్రముపై సరిగానే నడచినది” అని మావాడు జవాబిచ్చెను. ఇంటెలు జాతి ప్రాసెసరులు వ్రాతల క్రమమును చాల వరకు కాపాడును గనుక నడచినది, ఆర్మ్ జాతివానిపై ఆ హామీ లేదు, ఈ డ్రైవరు రెండింటి మీదను నడువవలయును గదా అని ప్రత్యుత్తరము. అంతకుమించి ఒక పరుషవాక్యము లేదు, ఒక పొగడ్త లేదు.

ఇవి గాక చిన్న ఆక్షేపణలు పెక్కు. లోపలికి జరిపిన పంక్తికి ఎనిమిది అక్షరముల ఎడము చాలలేదనియు, పంక్తి మరీ పొడవైనదనియు. పంక్తికి 80 అక్షరములే మేలన్న పాత కట్టుబాటును 2020లో కొంత సడలించి, 100 దాటినగాని సరిచూచు సాధనము గొడవ చేయకుండునట్లు మార్చిరట. ఇట్టివానిని చూచి, పరిశీలన యనగా ఖాళీలు లెక్క పెట్టుటయే యని వెక్కిరించువారు ఆ వృత్తిలోను కలరని వింటిని. యతిప్రాసలు లెక్కించుటయే ఛందస్సనుకొనువారు మనలో లేరా? చాదస్తము చాదస్తమే, కాదనను. కాని ఖాళీలు సరిగా నున్నచో కన్ను అర్థము మీదికి పోవును.

ఒక్క చిన్న ఆక్షేపణ మాత్రము చిన్నది గాదు. సవరణతోపాటు దాని కారణము తెలుపు నాలుగు మాటలు జత చేయవలయును. మావాడు తాను ఏమి చేసినదియు వ్రాసినాడు. ఏమి చేసితివో పంక్తులే చెప్పుచున్నవి, ఎందుకు చేసితివో చెప్పుము అని పరిశీలకుడు అడిగినాడు. మన వ్యాఖ్యాతలలో ఎందరికీ ప్రశ్న వేయదగియున్నది!

ఇన్ని దాటిన పిదప సవరణ క్రింద చేవ్రాళ్లు పడును. వ్రాసినవాడు తన పేరుతో ‘సైన్డ్ ఆఫ్ బై’ అని పెట్టును. ఈ వ్రాత తనదనియో, లేక దీనిని ఇచ్చు హక్కు తనకు కలదనియో ఒప్పుకొనుట దాని అర్థము. 2004 నుండి ఇది నియమము. చదివినవాడు ‘రివ్యూడ్ బై’ అని పెట్టును. తాను పరిశీలించితిననియు, తన ఆక్షేపణలకు సమాధానము దొరికినదనియు, ఇది కెర్నెలులో చేర్చదగినదని నమ్ముచున్నాననియు దాని అర్థము. తప్పే లేదని హామీ మాత్రము కాదు; ఆ సంగతియు స్పష్టముగా చెప్పబడియున్నది. మునుపటి తప్పును దిద్దు సవరణయైనచో, ఆ తప్పు ఏ సవరణతో ప్రవేశించినదో గూడ పేర్కొందురు. ఇవన్నియు చరిత్రలో చెరగకుండ నిలుచును. లేఖకుడు పూచీ నాది కాదనెను. ఇచ్చట వ్రాసినవాడును, చదివినవాడును పేరు పెట్టి పూచీ పడుచున్నారు. నన్ను ఆకర్షించినది ఇదియే.

ఇంత చేసినను తప్పులు తప్పవు. 2018 అక్టోబరు 22న కెర్నెలు 4.19వ కూర్పు వెలువడినది. నవంబరులో కొందరు తమ ఫైళ్లు చెడుచున్నవని మొరపెట్టిరి. చెడిన చిహ్నములు కనబడినది ఈఎక్స్‌టీ4 అను ఫైలు వ్యవస్థలో గనుక అందరి అనుమానమును దాని మీదికే పోయెను. దానిని పోషించు థియొడోర్ చో ఎంత ప్రయత్నించినను తన యంత్రములలో ఆ జబ్బును పుట్టించలేకపోయెను. డిసెంబరు మొదటి వారమునకు గాని అసలు దోషి దొరకలేదు. అది ఫైలు వ్యవస్థ గాదు, దానికి అడుగున ఆజ్ఞలను వరుసలు దీర్చు పొర. ఒక ఆజ్ఞను తిన్నగా డ్రైవరు చేతికిచ్చి చూచుదురు. తీరిక లేదని డ్రైవరు త్రిప్పివేసినచో మరల వరుసలో నిలుపుదురు. అయితే త్రిప్పివేయుటకు ముందే, ఈ డేటా మెమరీలో ఎచ్చటెచ్చట నున్నదో తెలుపు పట్టికను డ్రైవరు పొర సిద్ధము చేసియుండవచ్చును. వరుసలో నిలిచియున్నప్పుడు ప్రక్క ఆజ్ఞ వచ్చి దీనితో కలిసిపోయినచో, ఆజ్ఞ పెరిగినది, పట్టిక మాత్రము పాతదే. మరల పంపినప్పుడు పాత పట్టిక చెప్పినంతయే చదువబడును, వ్రాయబడును. మిగిలిన భాగము గాలికి పోవును. ఆ పొరకు పెద్దయైన జెన్స్ ఆక్స్‌బో దీనిని దిద్దెను. మొదటి దిద్దుబాటు చాలదని కొలది దినములలోనే మరింత గట్టి దిద్దుబాటు చేయవలసి వచ్చెను.

కన్నులు పెక్కైనచో తప్పు దాగదని ఈ లోకమున ఒక నమ్మిక కలదు. నేను దానిని పూర్తిగా ఒప్పుకొనలేకున్నాను. పైనున్న కథలో కన్నులకు కొదవ లేదు. తిన్నగా ఇచ్చి చూచుట మంచి యోచనయే, పట్టికను ముందే సిద్ధపరచుటయు మంచి యోచనయే, ఆజ్ఞలను కలుపుటయు మంచి యోచనయే. దేనికది చదివినవారికి తప్పు కనబడలేదు. తప్పు చేలలో లేదు, చేలకు నడుమ గట్టు మీద నున్నది. ఎవరి చేను వారు చూచుకొనినచో గట్టును చూచువారెవరు? కనుక కావలసినది కన్నుల లెక్క గాదు. ప్రక్క చేనివాడు వచ్చి, “నీవు దీనిని మార్చితివి, నేను దాని మీద ఆధారపడియుంటినే” అని అనగలుగుట. ఇది ప్రోగ్రాములకు మాత్రమే గాదు. మా కళాశాలలో తెలుగు పాఠమును చరిత్ర ఉపాధ్యాయుడు వినిననాడు నాకు తెలిసిన తప్పులు, తెలుగువారు నలుగురు వినిననాడు తెలియలేదు.

ఈ నమ్మకమును పరీక్షింతుమని అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయపు పరిశోధకులు తెలిసి తెలిసి లోపములున్న సవరణలను పంపిరి. 2021 ఏప్రిలులో ఆ విశ్వవిద్యాలయము నుండి వచ్చువానిని త్రోసిపుచ్చి, పూర్వము వచ్చినవానిని గూడ మరల చదివిరి. పెక్కు మంచివేయని తేలినది. పరిశోధకులు తమ వ్యాసమును ఉపసంహరించుకొనిరి. పరిశీలకులు ఉచితముగా ఇచ్చు కాలమును ఇట్లు వ్యర్థపరచుట నాకు సమ్మతము గాదు. అయినను, మోసమును పరిశీలన అన్నివేళల పట్టజాలదన్న వారి మాట అబద్ధమని చెప్పలేను.

పరుషత్వమును గూర్చియు ఒక మాట చెప్పవలయును. టోర్వాల్డ్స్ చాలకాలము నోటిదురుసుకు పేరుపడినవాడు. తప్పు వ్రాసినవారిని పదుగురిలో తిట్టెడివాడు. గట్టిగా తిట్టినగాని కెర్నెలు నిలువదని సమర్థించినవారు పెక్కురు. 2018 సెప్టెంబరులో ఆయనయే తన ప్రవర్తనకు క్షమాపణ చెప్పుకొని కొన్ని వారములు తప్పుకొనెను. పైని చెప్పిన 4.19వ కూర్పు వెలువడినది ఆ విరామకాలముననే. దానిని విడుదల చేసినది గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్. మనకు ఇది క్రొత్త గాదు. తిరుపతి వేంకటకవులకును కొప్పరపు కవులకును జరిగిన వాగ్యుద్ధములను చదివి ఆనందించినవారమే. ఆ యుద్ధములలో పద్యములు మెరసినవి, సందేహము లేదు. కాని ఒక పద్యములోని తప్పు మరియొకనికి తెలిసినంత మాత్రమున అది దిద్దబడెనా? తిట్టబడినవాడు తప్పును దిద్దుకొనడు, సమర్థించుకొనును. అట్లని మెత్తదనమే మందనియు నేననను. చూడకయే “బాగున్నది” అని చేవ్రాలు పెట్టు మెత్తనివాని వలన డిస్కు చెడును. తిట్టువాని వలన వ్రాయువాడు పారిపోవును. నా విద్యార్థికి లభించినవాడు రెండు తెగలకును చెందడు. మాటకు మాట బిగువు, మనిషి మీద మాట లేదు.

ఇప్పుడు మన సంగతి. ముప్పది యేండ్లుగా నేను ఎర్ర సిరాతో కాగితములు దిద్దితిని. దిద్దితినని అనుకొంటిని. నిజమునకు నేను చేసినది మార్కు వేయుట. ప్రక్కన ఒక గీత, ఒక ప్రశ్నార్థకము, అడుగున ఒక అంకె. ఆ వ్యాసము మరల నా యొద్దకు రాలేదు. రమ్మని నేను అడుగలేదు. నాలుగుసార్లు త్రిప్పి పంపిన వ్యాసము నా యుద్యోగకాలమంతటిలో ఒక్కటియు లేదు. వాల్యుయేషను రోజులలోనైతే చదువుటకే తీరిక చాలదు, దిద్దుట మాట దేవుడెరుగు. మన పిల్లలు వ్రాయుట కొంత నేర్చుచున్నారు. ఒకరి వ్రాతను మరియొకరు చదివి, ఇచ్చట తప్పున్నదని చెప్పుటయు, చెప్పించుకొనుటయు మనము నేర్పుట లేదు. నేడు యంత్రములే వ్యాసములు, ప్రోగ్రాములు వ్రాసి ఇచ్చుచున్నవి. రేపు మన పిల్లలలో పెక్కురకు లభించు పని, వ్రాయుట గాక వ్రాసినదానిని చదివి పూచీ పడుటయే కావచ్చును. దానికి వారిని సిద్ధపరచుచున్నామా?

జూలైలో మొదటి సంవత్సరము తరగతిలో ఒక ప్రయత్నము చేసితిని. ప్రతివారును ఒక పుట వ్యాసము వ్రాసి ప్రక్కవానికి ఈయవలయును. చదివినవాడు ఆక్షేపణలు వ్రాసి అడుగున చేవ్రాలు పెట్టవలయును. తరువాత ఆ వ్యాసములో తప్పు దొరికినచో వ్రాసినవానికి ఒక మార్కు, చేవ్రాలు పెట్టినవానికి ఒక మార్కు తగ్గును. మొదటి వారము 42 వ్యాసములలో 37 మీద “చాలా బాగున్నది” అని మాత్రమే యున్నది. స్నేహధర్మము! మార్కులు తగ్గిన పిదప రెండవ వారము అక్షరదోషముల వేట మొదలైనది. మూడవ వారము ఒక అమ్మాయి తన ప్రక్క కుర్రవాని వ్యాసము మీద ఇట్లు వ్రాసినది: రెండవ పేరాలో నదులు ఎండిపోవుటకు కారణము వాన లేకపోవుట అన్నాడు, నాలుగవ పేరాలో ఆనకట్టలు అన్నాడు, రెండును నిజము కావచ్చును, కాని ఒకదానికి మరియొకటి తెలియనట్లున్నవి. గట్టు మీది తప్పు ఆమెకు కనబడినది. ఆ కుర్రవాడు రెండు దినములు ఆమెతో మాటలాడలేదు. మూడవనాడు వ్యాసము మార్చి తెచ్చినాడు. మార్చినది మునుపటికంటె మేలా యన్న, కొంచెము మేలు. అంతకంటె ఎక్కువ చెప్పినచో అతిశయోక్తి యగును. ఇద్దరు పిల్లల తలిదండ్రులు వచ్చి, తమ పిల్లవాని తప్పులు తోటివాడు పట్టుట మర్యాద గాదని నాతో వాదించి వెళ్లిరి. మా సహోద్యోగి యొకరు, సిలబసు పూర్తికాదని హెచ్చరించినారు. వారి మాటలో సత్యము లేకపోలేదు. ఆ మూడు వారములలో రెండు పద్యభాగములు వెనుకబడినవి.

పోయిన నెలలో నా పూర్వ విద్యార్థి ఫోను చేసినాడు. ఏడవసారి పంపిన సవరణ స్వీకరింపబడినదట. 110 పంక్తులు తగ్గి తగ్గి 64 అయినవి. క్రింద ఆ పరదేశపు పరిశీలకుని చేవ్రాలు పడినది. మరియొక సంగతి గూడ చెప్పినాడు. అదే డ్రైవరునకు ఎవరో ఒక క్రొత్తవాడు పంపిన 32 పంక్తుల సవరణను చూడుమని ఈసారి తన్నే అడిగిరట. రెండు రాత్రులు కూర్చుండి చదివినాడట.

“తప్పేమీ కనిపించలేదు మాస్టారూ. కాని ఒకచోట, తాళం వదిలిపెట్టిన తరువాత ఆ లెక్కను మళ్లీ చదువుతున్నాడు. అది సరైనదేనని తోస్తున్నది గాని, ఎందుకు సరైనదో నేను చెప్పలేకుండా ఉన్నాను. చేవ్రాలు పెట్టేయనా?”

“పెట్టకు నాయనా. నాకు తెలియలేదని వ్రాయి.”

“నవ్వుతారేమోనండీ.”

“నవ్వనీ.”

నాలుగు దినముల పిదప సందేశము పంపినాడు. ఆ క్రొత్తవానికి గూడ ఎందుకు సరైనదో తెలియలేదట. సవరణను వెనుకకు తీసికొని మరల వ్రాయుచున్నాడట.